మైకుసెట్టు ఇంట్లో పాడుతుందా?

వినాయక చవితి రోజుల్లో వరంగల్‌లో గాని, హనుమకొండలో గాని ఏదో ఒక వీధి చివర నిలబడి చూడండి. కరెంటు స్తంభాలకు కట్టిన బాకాల్లోంచి పాట హోరెత్తుతూ ఉంటుంది. ఆ బాకాల తీగలను పట్టుకుని నడిస్తే అవన్నీ పందిరి పక్కన బల్లమీద ఉన్న ఒక పెట్టె దగ్గరికి చేరతాయి. వరుసగా నాలుగైదు మరలు, ఒక ఎర్ర దీపం, వెనుకవైపు వేడిగా ఉండే అల్యూమినియం రెక్కలు. ఆ పెట్టే యాంప్లిఫయర్. మనవాళ్లు మాత్రం మొత్తాన్నీ కలిపి మైకుసెట్టు అనేస్తారు.

దాన్ని చూస్తే మీలో కొందరికైనా ఒక ఆలోచన వచ్చే ఉంటుంది. వీధినంతా అదరగొట్టే ఈ పెట్టెను ఇంట్లోకి తెచ్చుకుంటే మన గదిలో పాట ఇంకెంత బాగా వినిపిస్తుందో అని. నాకూ వచ్చింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ పని చేసి కూడా చూశాను.

మా మేనమామకు మైకుసెట్లు అద్దెకిచ్చే చిన్న దుకాణం ఉండేది. మా ఇంట్లో పాత రేడియో ఒకటి పాడైపోతే, దాని స్పీకరు మాత్రం మంచిదేనని ఊడదీసి, చెక్కపెట్టెలో బిగించి, ఒక చిన్న టేప్‌రికార్డరుకు తగిలించి ఇచ్చాడు మామ. మా నాయనమ్మ రోజూ పొద్దున్నే దాన్లో భక్తిపాటలు వినేది. అప్పటికే ఆమెకు వినికిడి కొంచెం మందగించింది. "ఇంకింత గట్టిగ వస్తే మంచిగుండు కొడుకా" అన్నది ఒకనాడు. నాకు ఆ మాట చాలు. మామ భోజనానికి వెళ్లిన సమయం చూసి దుకాణంలోంచి 60 వాట్ల పెట్టెను సైకిలు మీద మోసుకొచ్చాను.

పెట్టె వెనుక మరమేకుల వరుస ఉంది. వాటి కింద కామన్, 4, 8, 16 ఓమ్‌లు, 70 ఓల్టులు, 100 ఓల్టులు అని రాసి ఉంది. 100 అన్నిటికన్నా పెద్ద అంకె కాబట్టి అన్నిటికన్నా గట్టిగా పాడుతుందనుకున్నాను. స్పీకరు తీగను అక్కడే బిగించాను. పాట ఒక్క క్షణం ఉరిమింది. తరువాత కాలిన లక్క వాసన వచ్చింది. ఆ తరువాత ఏమీ రాలేదు.

మామ వచ్చి చూశాడు. తిట్టలేదు. "వైరు ఏడ పెట్టినవ్‌రా?" అని అడిగాడు.

"వంద కాడ పెట్టిన మామా."

"అది ఇంటికి గాదురా, ఊరికి."

మరునాడు పొద్దున నాయనమ్మ అలవాటుగా వచ్చి ఆ పెట్టె పక్కన కూర్చుంది. కాసేపు కూర్చుని, లేచి వెళ్లిపోయింది. ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ఏమైనా అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మామ అన్న ఆ చిన్న మాటలో భౌతికశాస్త్రం ఎంత ఉందో నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. దాన్నే మీకిప్పుడు చెప్పబోతున్నాను. మీ ఇంట్లో ఎప్పుడైనా పాటల పెట్టె కొనే మాట వస్తే పెద్దవాళ్లు మిమ్మల్ని అడగవచ్చు. పది పదిహేను వేల రూపాయల సంగతి, ఊరికే పోగొట్టుకునే డబ్బు కాదు.

ముందు యాంప్లిఫయర్ ఏం చేస్తుందో చూద్దాం. మైకు నుంచి వచ్చే విద్యుత్ సంకేతం ఓల్టులో కొన్ని వేల వంతులు మాత్రమే ఉంటుంది. స్పీకరులోని కాగితపు శంకువును కదిలించడానికి అది చాలదు. యాంప్లిఫయర్ గోడ ప్లగ్గు నుంచి శక్తిని తీసుకుని, ఆ చిన్న సంకేతం ఎలా ఊగితే అలాగే ఊగే పెద్ద ప్రవాహంగా మలిచి స్పీకరుకు పంపుతుంది. అంటే చిన్న సంకేతం పెరిగి పెద్దదైపోవడం లేదు. దానికి అచ్చుగుద్దినట్టుండే పెద్ద నకలు తయారవుతున్నదన్నమాట.

నకలు అంటే వరంగల్ వాళ్లకు వెంటనే గుర్తుకు రావలసిన పేరు ఒకటుంది. మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్. 1932లో పుట్టి 2018లో కన్నుమూసిన ఈ ధ్వన్యనుకరణ కళాకారుడు వేదిక మీద ఒక్కడే నిలబడి ఎందరెందరి గొంతులో పలికించేవాడు. ఆయన ఇంకొకరిలా మాట్లాడుతున్నప్పుడు ఆయన సొంత గొంతు ఎక్కడా వినిపించకూడదు. వినిపించిందంటే అనుకరణ చెడిపోయినట్టే. యాంప్లిఫయర్‌కు కూడా పరీక్ష అదే. దాని సొంత గొంతు బయటపడే దారులు ముఖ్యంగా మూడు. పాట ఆగినప్పుడు వచ్చే "సుయ్" మనే చప్పుడు ఒకటి. కరెంటు తీగల నుంచి చొరబడే "గుయ్" మనే రొద రెండోది. శక్తికి మించి వాయించినప్పుడు తరంగాల శిఖరాలు నరికినట్టయి స్వరం చీలిపోవడం మూడోది. ఈ మూడింటిలో దేన్ని ఎక్కడ ఓర్చుకోవచ్చు అనే దగ్గరే ఊరి పెట్టెకూ ఇంటి పెట్టెకూ దారులు వేరవుతాయి.

ఇక వాట్ల సంగతి. దుకాణంలో ఎవరైనా మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అని. 200 వాట్ల పెట్టె 100 వాట్ల పెట్టెకన్నా రెండింతలు గట్టిగా వినిపిస్తుందని మీరు అనుకుంటున్నారు కదా! కాదు. మన చెవి లెక్క వేరు. సామర్థ్యం పది రెట్లు పెరిగితేగాని చెవికి రెండింతలైనట్టు అనిపించదు. అందుకే ధ్వనిని డెసిబెల్‌లలో కొలుస్తారు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ పేరు మీద వచ్చిన కొలత ఇది. సామర్థ్యం పది రెట్లైతే 10 డెసిబెల్‌లు, నూరు రెట్లైతే 20, రెండు రెట్లైతే 3 మాత్రమే పెరుగుతాయి. 100 వాట్లకూ 200 వాట్లకూ తేడా 3 డెసిబెల్‌లు. శ్రద్ధగా వింటే తెలుస్తుంది, అంతే.

ఇప్పుడొక లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. ఇళ్లలో వాడే మామూలు స్పీకరుకు 1 వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో సుమారు 88 డెసిబెల్‌ల ధ్వని వస్తుంది. మీరు రెండు మూడు మీటర్ల దూరంలో కూర్చుంటారు. దూరం వల్ల కొంత తగ్గుతుంది, గోడలు కొంత తిరిగి ఇస్తాయి. మొత్తానికి 6 డెసిబెల్‌లు తగ్గాయనుకుందాం. రెండు స్పీకర్లు ఉన్నాయి కాబట్టి 3 కలపండి. 88 లోంచి 6 తీసి 3 కలిపితే 85. ఇంట్లో పాటను బాగా గట్టిగా వినేవాళ్లకు కూడా సగటున 75 డెసిబెల్‌లు చాలు. అంటే 85కన్నా 10 తక్కువ. 10 తక్కువ అంటే సామర్థ్యంలో పదో వంతు. కాబట్టి ఒక్కొక్క స్పీకరుకు కావలసింది 1 వాటులో పదో వంతు!

తప్పు చేశామేమో అనిపిస్తుంది. తప్పేం లేదు. అయితే పాట ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండదు. మృదంగం మీద దెబ్బ పడినప్పుడు ధ్వని సగటుకన్నా 20 డెసిబెల్‌ల దాకా పైకి లేస్తుంది. 20 అంటే నూరు రెట్లు. అప్పుడు ఒక్క క్షణం 10 వాట్లు కావాలి. ఆ క్షణంలో శిఖరం తెగిపోకుండా కొంచెం ఎడం ఉంచుకుంటే 30 వాట్ల నిజమైన సామర్థ్యం ఒక మామూలు గదికి ధారాళంగా సరిపోతుంది.

"నిజమైన" అని ఎందుకన్నానంటే, వాట్లలో అబద్ధపు వాట్లు కూడా ఉన్నాయి. ఒకప్పుడు అరచేతి వెడల్పు స్పీకర్లున్న టేప్‌రికార్డరు మీద కూడా "1000 వాట్లు, పి.ఎం.పి.ఒ." అని మెరిసే అక్షరాలతో అచ్చువేసేవారు. ఆ మూడు నాలుగు అక్షరాలకు ఎక్కడా స్థిరమైన నిర్వచనం లేదు. వెనుకవైపు ఆ పరికరం కరెంటు నుంచి ఎన్ని వాట్లు తీసుకుంటుందో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది 40 వాట్లైతే ఆగకుండా 1000 వాట్ల ధ్వని ఎక్కడి నుంచి వస్తుంది? శక్తి నిత్యత్వ నియమం మీరు చదువుకున్నదే.

ఇక వీధిలోకి వద్దాం. ఆరుబయట గోడలుండవు. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్‌లు తగ్గుతాయి. 50 మీటర్ల దూరానికి తగ్గుదల 34. ఇంటి స్పీకరును మైదానంలో పెట్టి 1 వాటు ఇస్తే 50 మీటర్ల దూరంలో 88 లోంచి 34 పోగా 54 మిగులుతుంది. జనం సందడే 70 ఉంటుంది కాబట్టి పాట దాన్లో మునిగిపోతుంది. అక్కడ 85 వినిపించాలంటే దానికి 1200 వాట్లకు పైగా ఇవ్వాలి. అంతకుముందే అది కాలిపోతుంది. బాకా అలా కాదు. అది ధ్వనిని నలుదిక్కులకూ పోనివ్వకుండా ఒక వైపుకు మళ్లిస్తుంది, లోపలి పల్చటి పొర కదలికను గాలికి బాగా అందిస్తుంది. దానికి 1 వాటు ఇస్తే మీటరు దూరంలో 105 డెసిబెల్‌ల దాకా వస్తుంది. 85 కావాలంటే 25 వాట్లు చాలు. మీరు వీధిలో విని ఆశ్చర్యపోయిన ఘనత పెట్టెది కాదు, బాకాది!

"సుయ్" చప్పుడును కూడా ఇదే లెక్కతో పట్టుకోవచ్చు. మైకుసెట్టు పెట్టె 100 వాట్లదనీ, దాని సొంత చప్పుడు పూర్తి సామర్థ్యానికి 70 డెసిబెల్‌లు కింద ఉందనీ అనుకుందాం. చాలావాటిలో దాదాపు అంతే ఉంటుంది. 70 డెసిబెల్‌లు కింద అంటే కోటో వంతు. 100 వాట్లలో కోటో వంతు, అంటే వాటులో లక్షో వంతు. బాకాలో ఇది 50 మీటర్ల దూరానికి చేరేసరికి 21 డెసిబెల్‌లు. జాతర సందడిలో దాన్ని ఎవరూ వినలేరు. అదే పెట్టెను ఇంటి స్పీకరుకు తగిలిస్తే మీటరు దూరంలో 38 డెసిబెల్‌లు వస్తుంది. రాత్రి నిశ్శబ్దంగా ఉన్న గదిలో 30 మాత్రమే ఉంటుంది కాబట్టి పాటకూ పాటకూ మధ్య "సుయ్" స్పష్టంగా వినిపిస్తుంది. మైకుసెట్టు చేసినవాడు ఇందులో తప్పు చేయలేదు. అతను చేసింది మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లవాడి పేరు దూరదూరాలకు వినిపించడానికి. అక్కడ మాట తెలియాలి, దుమ్ములో ఎండలో పెట్టె ఆగకుండా పనిచేయాలి. తంబురా శ్రుతి సన్నగా వినిపించాలని ఎవరూ కోరలేదు.

ఇప్పుడు నా నేరం దగ్గరికి వద్దాం. ఆ 100 ఓల్టుల మరమేకు ఎందుకుంది?

100 వాట్లు మోయాలి, స్పీకరు 8 ఓమ్‌లది అనుకోండి. మామూలుగా పంపితే తీగలో సుమారు మూడున్నర ఆంపియర్ల ప్రవాహం పోతుంది. పందిరి నుంచి వీధి చివరకు వెళ్లి వచ్చే తీగ నిరోధం 2 ఓమ్‌లైతే, ప్రవాహం వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 25 వాట్లు. అంత శక్తీ తీగను వేడిచేయడానికే పోతుంది. అదే 100 వాట్లను 100 ఓల్టుల దగ్గర పంపితే ప్రవాహం 1 ఆంపియరే. నష్టం 2 వాట్లు. బాకా దగ్గర ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఆ 100 ఓల్టులను బాకాకు తగినంతగా తగ్గిస్తుంది. రామగుండం విద్యుత్ కేంద్రం నుంచి కరెంటు 4 లక్షల ఓల్టుల తీగల మీద బయలుదేరి, మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దిగి, ఇంటికి 230 ఓల్టులుగా వస్తున్నది ఈ సూత్రం మీదనే. మామ "ఊరికి" అన్నది ఇదే.

60 వాట్ల పెట్టె తన 100 ఓల్టుల మరమేకు దగ్గర 167 ఓమ్‌లను ఎదురుచూస్తుంది. 100ను 100తో గుణించి 60తో భాగించి చూడండి. నేను అక్కడ తగిలించింది 8 ఓమ్‌లు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. రేడియో స్పీకరు తట్టుకోగలిగింది 5 వాట్లు, అంటే ఆరు ఓల్టుల పైచిలుకు. 20 ఓల్టులు అందినా అది 50 వాట్లవుతుంది. స్పీకరులోని తీగచుట్ట వెంట్రుకలాంటి సన్నని రాగితీగ. దాని మీది లక్కపూత కాలిన వాసనే నాకు వచ్చింది. పెట్టెలో ఫ్యూజు ఉన్నందువల్ల మామకు అంతటితో పోయింది.

ఇంతవరకూ చెప్పింది మైకుసెట్టు గురించి. "ప్రొఫెషనల్" అనే పేరుతో ఇంకొక రకం కూడా ఉంది. కచేరీ వేదికల మీద, సినిమా హాళ్లలో, రికార్డింగు స్టూడియోల్లో ఇనుప చట్రాల్లో పేర్చి ఉండే పవర్ యాంప్లిఫయర్లు. వీటిని మైకుసెట్టుతో కలిపి చూడకూడదు. మంచివాటిలో సొంత చప్పుడు 100 డెసిబెల్‌లు కింద ఉంటుంది. పైన చేసిన లెక్కను మళ్లీ చేయండి, 38 కాస్తా 8కి దిగుతుంది. చెవికి అందదు. పైగా రూపాయికి వచ్చే వాట్లు వీటిలోనే ఎక్కువ. అందుకే కొందరు తెలివైనవాళ్లు వీటిని ఇంటికి తెచ్చుకుంటారు. తెచ్చుకున్నాక మూడు చిక్కులు ఎదురవుతాయి.

మొదటిది ఫ్యాను. ఇవి గంటల తరబడి పూర్తి బలంతో పనిచేయాలి కాబట్టి లోపల గాలిపంకా పెడతారు. వేదిక పక్కన దాని చప్పుడు ఎవరికీ పట్టదు. మీ గదిలో మాత్రం పాటకు శ్రుతిపెట్టెలా అదొకటి నడుస్తూనే ఉంటుంది. నాకైతే ఈ ఒక్క కారణం చాలు. ఇంటి యాంప్లిఫయర్లలో చాలావాటికి పంకా లేకుండా, రెక్కల గుండానే వేడి పోయే ఏర్పాటు ఉంటుంది.

రెండోది సంకేతం స్థాయి. స్టూడియో పరికరాలు ఒకదానికొకటి 1.23 ఓల్టుల సంకేతం పంపుకుంటాయి. ఇంటి పరికరాలకు పాత కొలమానం 0.316 ఓల్టులు. ఓల్టేజి నాలుగో వంతైతే సామర్థ్యం సుమారు పదహారో వంతవుతుంది. 1.23 ఓల్టులకు 100 వాట్లిచ్చే పెట్టెకు ఇంటి టేప్‌డెక్కును తగిలిస్తే ఆరేడు వాట్ల దగ్గర ఆగిపోతుంది. కొన్నవాడు "మోసపోయాను" అనుకుంటాడు. మోసం ఏమీ లేదు. సి.డి. ప్లేయరు 2 ఓల్టులిస్తుంది కాబట్టి దానితో ఈ బాధ రాదు.

మూడోది తీగలు. ఇంటి పరికరాలకు ఒక సంకేతపు తీగ, దాని చుట్టూ ఒక భూతీగ ఉంటాయి. వేదిక మీది పరికరాలకు మూడు మొనల ఎక్స్.ఎల్.ఆర్. ప్లగ్గు ఉంటుంది. దీన్లో ఒక చక్కని ఉపాయం ఉంది. ఒకే సంకేతాన్ని రెండు తీగల మీద ఒకదానికొకటి ఎదురుగా పంపుతారు. ఒకదాని మీద +5 ఉన్నప్పుడు రెండోదాని మీద −5. దారిలో "గుయ్" రొద రెంటిలోనూ సమానంగా చొరబడుతుంది. అది 2 అనుకుందాం. +5 కాస్తా 7 అవుతుంది, −5 కాస్తా −3 అవుతుంది. చివర యాంప్లిఫయర్ ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసివేస్తుంది. 7 లోంచి −3 తీసివేస్తే 10. రొద ఏమైంది? వెతకండి, ఎక్కడా లేదు! వేదిక నుంచి 50 మీటర్ల తీగ లాగేవాళ్లకు ఇది ప్రాణం. ఇంట్లో తీగ పొడవు ఒక మీటరు, కాబట్టి సాధారణంగా దీని అవసరం రాదు.

ఏది కొనాలని మీరు నన్నడిగితే నేను తిరిగి అడిగే ప్రశ్నలు రెండే. గది ఎంత? స్పీకరు మీద 1 వాటుకు ఎన్ని డెసిబెల్‌లని రాసి ఉంది? పన్నెండడుగుల గది, 88 డెసిబెల్‌ల స్పీకర్లు అయితే 30 నుంచి 50 వాట్ల ఇంటి యాంప్లిఫయర్ తీసుకోండి. స్పీకరు 82 డెసిబెల్‌లదైతే నాలుగింతల సామర్థ్యం కావాలి. గది కూడా పెద్ద హాలైతే అప్పుడు ప్రొఫెషనల్ పెట్టె గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. మీ బడి వార్షికోత్సవానికైతే అసలు సందేహమే వద్దు. పెళ్లిళ్లకు తిరిగి తిరిగి అలసిన పెట్టెలు తక్కువ ధరకు దొరుకుతాయి. వాటి జోలికి పోకపోవడం మంచిది. దుమ్ము తిన్న పంకా, వేడికి ఎండిన కెపాసిటర్లు బయటికి కనిపించవు. ఏ యాంప్లిఫయర్‌నైనా మీరు మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుదావేశం నిలిచి ఉండవచ్చు.

చెవుల మాట కూడా ఒకటి. 85 డెసిబెల్‌ల ధ్వనిలో రోజుకు 8 గంటలకు మించి ఉండవద్దంటారు. పైన పెరిగే ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ కాలం సగమవుతుంది. 100 డెసిబెల్‌లైతే పావుగంటే. ఇక ఇరుగుపొరుగు సంగతి చట్టమే చూసుకున్నది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలాల్లో లౌడుస్పీకర్లు వాడరాదు.

నాయనమ్మ పెట్టె సంగతి చెప్పలేదు కదూ. మామ ఆ స్పీకరుకు కొత్త తీగచుట్ట, కొత్త శంకువు వేయించి నెల తరువాత తెచ్చాడు. కొత్త యాంప్లిఫయర్ తెస్తాడని నేను ఆశగా సంచీలోకి తొంగిచూశాను. తేలేదు. గది ఆ మూలన అలమార మీద ఉండే చెక్కపెట్టెను దించి, నాయనమ్మ మంచం పక్కన స్టూలు వేసి దాని మీద పెట్టాడు. నాలుగు మీటర్ల దూరం ఒక మీటరైంది. ఆరుబయటైతే అది పదహారు రెట్ల వాట్లు ఇచ్చినదానితో సమానం. గదిలో అంత రాదు గాని, చాలానే వస్తుంది. పైసా ఖర్చు లేదు.

టేపు పెట్టి మీట నొక్కాడు. నాయనమ్మ కాసేపు విన్నది.

"జర తక్కువ జెయ్ బిడ్డా" అన్నది.